నిరుపమ గారి గొంతు

హామిల్టన్,
12 అక్టోబరు 2003

చిరంజీవి కోటేశ్వరమ్మకు,

మీ వదిన నిరుపమ దీవించి రాస్తున్నది. మేమంతా బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి నాలుగు పేజీల ఫిర్యాదు వచ్చి ఉండేది.

మీ అన్నయ్య జనార్ధనరావు గారు పోయాక నేనీ న్యూజిలాండులో కూతురి పంచన చేరానని సాలిగ్రామమంతా చెప్పుకుంటున్నావట. పంచన చేరలేదమ్మా. నాకంటూ వేరే గది, దానికో బాత్‌రూము ఉన్నాయి. లేనిదల్లా మనుషులు. పొద్దున్నే హిమజ ఆసుపత్రి ల్యాబుకి, అల్లుడు వంశీకృష్ణ ఆఫీసుకి, మనవరాలు వర్షిత స్కూలుకి కార్లలో వెళ్ళిపోతారు. సందు చివర డైరీ అని ఒక చిన్న కొట్టుంది. పాలు, రొట్టె అమ్ముతారు. అక్కడిదాకా నడిచి వెళ్ళొస్తే దారిలో ఒక్క మనిషి ఎదురుపడడు. ఒకప్పుడు నేను పాండీ బజారులో కారు దిగితే ట్రాఫిక్ ఆగిపోయేది. నువ్వు వెనక సీట్లో కూర్చుని ఉండేదానివి, గుర్తుండే ఉంటుంది.

అసలు విషయానికి వస్తాను. పోయిన నెల ఆక్లండ్‌లో ఇండియన్ షాపుకి వెళ్ళాం. కందిపప్పు బస్తాల దగ్గర ఒకమ్మాయి నన్ను చూసి నిలబడిపోయింది. “మీరు నిరుపమ గారు కదూ ఆంటీ?” అంది. కళ్ళు నీళ్ళు పెట్టుకుంది. పేరు కృష్ణవేణి, భీమవరం పిల్ల, అక్కడే ఫ్లాట్ బుష్ అనే పేటలో ఇల్లు కట్టుకున్నారు. అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి అట. “మా అమ్మ మీ సినిమాలు తప్ప చూసేది కాదాంటీ. మీ గొంతు వింటే చాలు, నాకు ఏడుపొచ్చేస్తుంది. ఒక్క మాట మాట్లాడరూ?” అని నా చెయ్యి పట్టుకుంది. నేను నవ్వి, గొంతు మీద వేలు పెట్టుకున్నాను. “అయ్యో, జలుబా?” అంది. తలూపాను. నోరు విప్పితే బయటికొచ్చేది మా కలకత్తా శ్యాంబజారు యాస కదా. మీ అన్నయ్య నాకు తెలుగు చదవడం నేర్పారు, రాయడం నేర్పారు. నాలుక మాత్రం ఎవరు చెప్పినా వినలేదు.

వచ్చే ఉగాదికి ఆక్లండ్‌లో నాకు సన్మానం చేస్తారట. అయిదు నిమిషాలు మాట్లాడమంటున్నారు. కాబట్టి నువ్వొక కేసెట్టు రికార్డు చేసి పంపాలి. మాటలు నువ్వే రాసుకో, ఆ కన్నీళ్ళ డైలాగులన్నీ నీకు కంఠతా వచ్చు. ఇన్నాళ్ళూ నా పెదవులు చూసి నువ్వు మాట కలిపావు. ఈసారి నీ మాట విని నేను పెదవులు కలుపుతాను. పిల్లలు అరుస్తూ ఉంటారు, ఆడవాళ్ళు ఏడుస్తూ ఉంటారు, ఎవరూ పట్టుకోలేరు.

నీకిప్పుడు పనేం ఉండదు కాబట్టి త్వరగా పంపగలవు.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన,
నిరుపమ

*

సాలిగ్రామం, చెన్నై,
3 నవంబరు 2003

వెండితెర వేలుపు మా వదినగారికి,

ఆడపడుచు కోటేశ్వరమ్మ వంగి పెట్టే నమస్కారాలు. మీ ఉత్తరం చేరింది. స్టాంపు మీద గొర్రె బొమ్మ బాగుంది. కింది వాటా వాళ్ళ పిల్ల చించుకుపోయింది.

పనేం ఉండదన్నారు. నిజమే. ఇప్పుడు బొంబాయి నుంచి వచ్చే పిల్లలకు పాతికేళ్ళ గొంతులు కావాలి. అరవయ్యేళ్ళ గొంతు ఎవరికి కావాలి, మీకు తప్ప.

పోతే, మీకు కొన్ని సంగతులు గుర్తుచేస్తాను. కలకత్తాలో మీ నాన్నగారు ట్రాము కండక్టరు. మీరు టాలీగంజ్ స్టూడియోల్లో హీరోయిన్‌కి అక్కగానో చెల్లెలిగానో వేషాలు వేశారు. హీరోయిన్‌గా వేసిన ఒకే ఒక్క బొమ్మ వారం తిరక్కుండా ఎత్తేశారు. మొహం బాగుందని మన ప్రొడ్యూసరు మద్రాసు పట్టుకొచ్చాడు. సెంట్రల్ స్టేషన్లో దిగేటప్పటికి మీకు తెలుగులో ‘నీళ్ళు’ అనడం రాదు. షూటింగులో డైలాగు బదులు అంకెలు చెప్పేవారు. అంకెలతో ఏడుపు రావడం లేదని డైరెక్టరు తిడితే, మీ నాన్నగారి ట్రాము స్టాపుల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. మొగుడి శవం మీద పడి “శ్యాంబజార్, హాతీబగాన్, హెదువా” అని ఏడ్చింది మీరు. ఆ పెదవుల మీద “ఏవండీ, ఒక్కసారి కళ్ళు తెరవండి” అని అతికించింది నేను. హెదువా దగ్గర మీ నోరు సున్నా చుట్టినట్టు తిరిగేది. దానికి సరిపోయే మాట కోసం ఓ పూటంతా చీకటి గదిలో నిలబడి తంటాలుపడ్డాను. అద్దాల వెనక కూర్చుని రికార్డు చేసింది మా అన్నయ్య. బహుమతి మీకొచ్చింది. ఆ ఏడాదే మా అన్నయ్య కూడా మీకే వచ్చాడు.

రేడియోలో ఇంటర్వ్యూ ఇచ్చింది కూడా నేనే. “నాకు పనసపండంటే ఇష్టమండీ” అన్నాను. ఊళ్ళో జనం మీ ఇంటికి పనసపళ్ళు పంపారు. నాకొక తొన కూడా దక్కలేదు.

ఒక్క సినిమాకి, ఒక్కదానికి, టైటిల్సులో నా పేరు వేస్తామన్నారు. ప్రివ్యూ నాటికి తీసేశారు. కోటేశ్వరమ్మ అన్న పేరు పడితే నిరుపమ అన్న పేరుకు మెరుగు తగ్గుతుందట. ఎవరు తీయించారో నాకు తెలుసు. అందుకే మీ తర్వాతి బొమ్మకు గొంతు ఇవ్వనన్నాను. ఇంకో అమ్మాయితో చెప్పించారు. హాల్లో జనం “ఈవిడెవరు?” అన్నారు. అక్కణ్ణుంచి మీకు అమ్మ వేషాలు, తర్వాత అవీ లేవు. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది వదినగారూ, దాచుకోవడం ఎందుకు.

కేసెట్టు చేస్తాను. ఒకటే షరతు. చివర ఒక్క వాక్యం నాది. “ఇంతసేపూ మాట్లాడింది, ఇన్నేళ్ళూ మాట్లాడింది నేను, కోటేశ్వరమ్మను.” ఆ వాక్యం వచ్చేటప్పుడు మీరు మైకు కిందికి దించి, పెదవులు మూసుకుని నిలబడాలి. మీ నోరు మూసి ఉండగా నా గొంతు హాలంతా వినపడాలి. అంతకన్న నాకేం వద్దు.

తొందరగా తేల్చండి. నెలరోజులుగా గొంతు బొంగురు పోతోంది. లోపల గొట్టం వేసి చూడాలన్నాడు డాక్టరు.

మీ నీడలో పెరిగిన,
కోటేశ్వరమ్మ

*

హామిల్టన్,
7 డిసెంబరు 2003

కోటేశ్వరమ్మకు ఆశీస్సులు.

నీ వెటకారం తగ్గలేదు, సంతోషం. మనిషి ఆరోగ్యంగా ఉందనడానికి అదొక గుర్తు. బొంగురు సంగతి నాకు చెప్పకు. నీకేదైనా కావలసి వచ్చినప్పుడల్లా గొంతు పట్టేసేది. దీపావళికి పట్టుచీర మీద మనసు పడితే నాలుగు రోజులు సైగలు చేసేదానివి. చీర చేతికొచ్చాక గోరువెచ్చటి పాలతో తగ్గిపోయేది.

నీ షరతు ఒప్పుకుంటున్నాను. మీ అన్నయ్య మీద ఒట్టు. ఒక్క వాక్యమేగా.

కానీ ఒకటి సరిదిద్దాలి. టైటిల్సులోంచి నీ పేరు తీయించింది నేననుకుని పాతికేళ్ళుగా నన్ను తిట్టుకుంటున్నావు. నేను కాదు. మీ అన్నయ్య. ప్రొడ్యూసరు వేద్దామనే అన్నాడు. ఈయనే, “ఆవిడ మాట వేరేవాళ్ళదని తెలిస్తే మార్కెట్టు పడిపోతుంది, వద్దు” అన్నారు. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. నీకు అన్నయ్యంటే ఉన్న భక్తి పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడాయన లేరు, తెలిసినా ఎవరికీ నష్టం లేదు.

ఇక్కడ ఎండాకాలంలో క్రిస్మస్ వస్తుంది. పక్కింటి కివీ ముసలాయన పొట్టి లాగుతో నిచ్చెనెక్కి దీపాలు కడుతున్నాడు. వర్షితకు పన్నెండేళ్ళు నిండాయి. తెలుగు అర్థమవుతుంది, ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. నన్ను మాత్రం అమ్మమ్మ అనకుండా బెంగాలీలో దీదా అంటుంది. నేను తెలుగులో ఏదో అంటే, “దీదా, నువ్వు తమాషాగా మాట్లాడతావు” అంది ఇంగ్లీషులో. దాని తండ్రి పకాలున నవ్వాడు. ఆ వంశీకృష్ణ వచ్చే ఏడు సంఘానికి అధ్యక్షుడిగా నిలబడాలనుకుంటున్నాడు. అత్తగారిని జనం ఇంకా గుర్తుపడతారని తెలిశాక అతనికి నా మీద గౌరవం పెరిగింది. ఇప్పుడు నాకు కార్లో ముందు సీటు ఇస్తున్నాడు.

నవ్వుకుంటే నవ్వుకో. ఇక్కడ నేను హిమజ వాళ్ళమ్మని, వర్షిత దీదాని, డైరీలో పాలు కొనుక్కునే ముసలిదాన్ని. చచ్చేలోగా ఒక్కసారి నిరుపమను కావాలి. ఈ ఒక్క విషయంలో నిన్ను బతిమాలుతున్నాననే అనుకో.

వదిన,
నిరుపమ

*

సాలిగ్రామం,
6 ఫిబ్రవరి 2004

వదినగారికి,

నమస్కారాలు. కేసెట్టు వేరే పార్సిలులో వస్తుంది. దూది చుట్టాను, జాగ్రత్తగా విప్పించండి.

మా అన్నయ్య మీద మీరు రాసింది చదివాను. చచ్చినవాళ్ళు నోరు విప్పలేరు కదా అని వాళ్ళ మీద ఏదైనా వెయ్యొచ్చు. నమ్మలేదు. నమ్మకపోయినా నాలుగు రోజులు అన్నం సయించలేదు. మీరు కోరుకున్నది అదే అయితే మీకు దక్కింది.

వడపళనిలో మా పాత రికార్డిస్టు కిష్టయ్య ఇంకా ఒక చిన్న థియేటరు నడుపుతున్నాడు. భక్తి కేసెట్లు చేసుకుంటాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీగా ఉంటుంది రమ్మన్నాడు. తెర లేదు, మీ మొహం లేదు, ఉత్త మైకు. మొదట ఒక్క మాటా రాలేదు. ఎవరి పెదవులూ కనబడకపోతే ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. చివరికి గోడమీద మీ మొహం ఊహించుకుని, దాన్ని తిట్టుకుంటూ మొదలుపెట్టాను. అప్పుడు బాగానే వచ్చింది.

జాగ్రత్తగా చదువుకోండి. “నా తెలుగు తల్లులారా” అన్నాక ఒక ఊపిరి తీశాను, అక్కడ మీ ఎద కదలాలి. “మీ ఆడపిల్లను” అన్నప్పుడు గొంతు వణికించాను, అప్పుడు తల దించండి, పెదవి కనబడదు. మధ్యలో ఒక చిన్న దగ్గు పడింది. అది నటన కాదు. కానీ తీసేయొద్దు, అక్కడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకోండి, సహజంగా ఉంటుంది. అద్దం ముందు రోజూ వేసుకోండి. మీరు ఎప్పుడూ అరక్షణం ముందే నోరు తెరుస్తారు.

ఆఖరి వాక్యం చెప్పాను. ముప్ఫై అయిదేళ్ళు మైకు ముందు నిలబడ్డాను, నా పేరు నేను అందులో ఎప్పుడూ చెప్పలేదు వదినగారూ. సీతనని చెప్పాను, రాధనని చెప్పాను, నిరుపమనని చెప్పాను. కోటేశ్వరమ్మను అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. కిష్టయ్య అద్దాల వెనకనుంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఇంకో టేకు చేద్దామా అన్నాడు. వద్దన్నాను, అంతకుమించి రాదు.

నా గొంతు సంగతి మీరు వినదల్చుకోలేదు కాబట్టి రాయడం లేదు. ఎలా జరిగిందో మాత్రం వివరంగా రాయండి. ఆ వాక్యం విని జనం ఏమన్నారో, ఒక్క మాట కూడా వదలకుండా రాయండి.

కోటేశ్వరమ్మ

*

హామిల్టన్,
4 ఏప్రిల్ 2004

నా బంగారు ఆడపడుచు కోటేశ్వరమ్మకు,

ఎక్కడ మొదలుపెట్టను? ఒక ప్రైమరీ స్కూలు హాల్లో పెట్టారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునే కుర్రాళ్ళు కొందరు నన్ను చూడ్డానికి ఆ దక్షిణపు కొసనుంచి వచ్చారట. మామిడికాయ దొరక్క ఉగాది పచ్చడిలో ఆకుపచ్చ ఆపిల్ వేశారు, అది వేరే సంగతి. ముదురు మెరూన్ కంచిపట్టు కట్టుకున్నాను. వెలుగు పడగానే లేచి నిలబడ్డారే, ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

నువ్వు చెప్పినచోటల్లా చెప్పినట్టే చేశాను. దగ్గు దగ్గర కొంగు అడ్డం పెట్టుకున్నాను. ముందు వరసలో ఒక ముసలాయన వెక్కివెక్కి ఏడ్చాడు. కృష్ణవేణి నా పాదాలు వదల్లేదు. “వయసు మనిషికొచ్చింది గానీ గొంతుకి రాలేదాంటీ” అంది. వంశీకృష్ణ వెనక కంప్యూటరు దగ్గర కూర్చుని అంతా నడిపించాడు. కేసెట్టులో గరగరలు ఉన్నాయని ముందే దాన్ని సీడీలోకి ఎక్కించి శుభ్రం చేశాడు. ఇప్పుడతను అధ్యక్షుడైనట్టే.

నీ వాక్యం గురించి అడుగుతావు. అది తీయించేశాను.

కోపం తెచ్చుకోకుండా ఆలోచించు. అంతసేపు ఏడ్చిన జనం ముందు నేను నోరు మూసుకుని నిలబడితే, గొంతు ఇంకెక్కణ్ణుంచో వస్తూ ఉంటే, వాళ్ళ మొహాలు ఏమైపోతాయి? ఆ ముసలాయన ఏమైపోతాడు? తనను మోసం చేశారనుకుంటాడు. తర్వాత నా నోటితో నేనే చెబుదామనుకున్నాను. శాలువా కప్పారు, పిల్లలు పూలు ఇచ్చారు, సందర్భం దాటిపోయింది. అయినా నీ గొంతుకు పడ్డ చప్పట్లు నీవి కాకుండా పోతాయా? పేరు లేకపోతే మాత్రం ఏమిటి, నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంట్లోవాళ్ళకు తెలిస్తే చాలదా?

పక్కింటాయన ఫీజోవాలని బుట్టెడు పళ్ళు ఇచ్చాడు. మన జామకాయకు అత్తరు పూసినట్టుంటాయి. రోజుకు పది తింటున్నాను, ఆకలి బాగా వేస్తోంది.

ఇంకో మాట. వెల్లింగ్టన్ తెలుగువాళ్ళు సెప్టెంబరులో రమ్మంటున్నారు. ఈసారి పది నిమిషాలు కావాలి. ఆ దగ్గు వద్దు, అందరూ ఆరోగ్యం గురించే అడుగుతున్నారు. నెలలోగా పంపు.

ప్రేమతో,
మీ వదిన నిరుపమ

*

సాలిగ్రామం,
2 జూన్ 2004

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చేనాటికి నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చి చదివాను.

గొంతులో గడ్డ. చెడ్డదే. కేసెట్టు పార్సిలు చేసిన మూడోరోజున నన్ను చేర్చుకున్నారు. మాట పుట్టే పెట్టె మొత్తం కోసి తీసేశారు. మెడ కింద ఒక కన్నం ఉంది. ఊపిరి దాన్లోంచే. మాట ఇక లేదు. పక్కవాటా సరోజిని పలకా బలపమూ కొనిచ్చింది. పాలవాడికి రేపు రెండు ప్యాకెట్లు అని రాసి చూపిస్తున్నాను. వాడికి చదవడం రాదు. రెండు వేళ్ళు చూపిస్తే చాలని తర్వాత తెలిసింది.

ఇది జరుగుతుందని కేసెట్టు చేసేటప్పటికే నాకు తెలుసు. ఆపరేషను వారం వాయిదా వేయించుకుని మరీ వెళ్ళాను. మీకు రాయలేదు. పట్టుచీర కోసం అనుకుంటారని.

మీరు ఒట్టు వేశారు. తప్పారు. మా అన్నయ్య మీద వేసిన ఒట్టు కాబట్టి మీకు అదేం బరువనిపించి ఉండదు. దాని గురించి పోట్లాడే ఓపిక లేదు. ఏడుద్దామన్నా చప్పుడు రాదు, కన్నంలోంచి గాలి మాత్రం వస్తుంది. నాకే అసహ్యంగా ఉంటుంది.

ఒక్కటి అడుగుతున్నాను. సీడీలో తీసేస్తే తీసేశారు. కేసెట్టు పంపించెయ్యండి. కిష్టయ్యను అడిగాను, దాని మీద మళ్ళీ భజనలు ఎక్కించేశాడట, అతని దగ్గర లేదు. నా పేరు నా గొంతుతో ఉన్నది ఈ లోకంలో మీ దగ్గరున్న ఆ కేసెట్టులోనే. టేపు రికార్డరు దగ్గర పెట్టుకుని వినాలి. ఆ ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా మీరే ఉంచుకోండి.

ఇన్నేళ్ళలో మిమ్మల్ని నేను అడిగింది చాలా తక్కువ. ఇది ఇవ్వండి.

కోటేశ్వరమ్మ

*

హామిల్టన్,
27 జూన్ 2004

కోటేశ్వరమ్మకు,

నీ ఉత్తరం చదివాను. రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఇక్కడ చలికాలం. మధ్యాహ్నం దాకా మంచు విడవదు, ఎదురిల్లు కనబడదు. వెల్లింగ్టన్ వాళ్ళకు ఏం చెప్పాలి అన్నదే ఆలోచన. తప్పుగా అనుకోకు. నీకు మాట పోయిందంటే నాకూ పోయినట్టే కదా.

కేసెట్టు లేదు. ఉగాది మర్నాడే చెరిపించేశాను. కంప్యూటరులో కోసిన ముక్క కూడా ఉంచొద్దన్నాను. వంశీకృష్ణ దగ్గర ఉంటే ఎప్పుడో ఎవరో వింటారు, పార్టీల్లో నవ్వుకుంటారు. నాకేం తెలుసు నీకిలా అవుతుందని? నువ్వు రాయలేదు. రాసి ఉంటే ఆలోచించేదాన్ని.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. వంశీకృష్ణ కృష్ణవేణికి ఫోన్ చేసి, నాకు గొంతులో గడ్డ వచ్చిందని, ఆపరేషను చేసి మాట తీసేశారని చెప్పాడు. ఉగాది తర్వాత నన్ను ఎవరూ చూడలేదు, చలికాలం కదా, నమ్మారు. వేరే దారి ఏముంది? ఎప్పుడో ఒకప్పుడు నా నోటితో మాట్లాడమంటారు, అంతా బయటపడుతుంది. ఇప్పుడు ఎవరూ మాట్లాడమనరు. అబద్ధం కూడా కాదు. నువ్వే ఆలోచించు, పోయింది ఎవరి గొంతు? తెలుగువాళ్ళెవరినైనా అడుగు. అది నిరుపమ గొంతు అంటారు. వాళ్ళకు సంబంధించినంతవరకు పోయింది నా గొంతే.

హిమజకు నచ్చలేదు. ఆసుపత్రిలో పనిచేస్తుంది కదా, పాపభీతి. “ఎవరైనా నన్నడిగితే లేచి వెళ్ళిపోతాను” అంది. మాతో మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో నాకిప్పుడు వర్షిత, వారానికోసారి వచ్చే ఒక బెంగాలీ డాక్టరు గారి భార్య, ఇంతే. ఆవిడతో కూర్చుంటే గంటలు తెలియవు. నా భాషలో నేను మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో. ఆవిడకు తెలుగు సినిమాల సంగతి తెలియదు, అదే హాయి.

సంఘం పత్రికలో నా మీద ప్రత్యేక వ్యాసం వేస్తున్నారు. ఇంటి ఆడపడుచుగా నీ మాటలు కావాలని కృష్ణవేణి అడిగితే నీ చిరునామా ఇచ్చాను. రాస్తుంది. నాలుగు మంచి ముక్కలు జవాబు రాయి. ఇంకొకటి, ఆ ఆపరేషను వివరాలు నాకు కావాలి. మచ్చ ఎటువైపు? తిండి ఎలా? దగ్గు వస్తే ఏం చేస్తారు? ఆక్లండ్ వాళ్ళు చూడ్డానికి వస్తే నేను తప్పు చేయకూడదు.

నువ్వు కోలుకోవాలని ప్రార్థిస్తున్నాను.

మీ వదిన,
నిరుపమ

*

సాలిగ్రామం,
30 ఆగస్టు 2004

వదినా,

అడిగినవన్నీ రాస్తున్నాను. అద్దం ముందు పెట్టుకుని నేర్చుకో.

మచ్చ ఒకవైపు కాదు, మెడ అడ్డంగా ఈ చెవి కిందనుంచి ఆ చెవి కిందిదాకా. పట్టు రుమాలు కట్టకు, జారిపోతుంది, నూలుది కట్టు. దగ్గు వస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోకు. దగ్గు కన్నంలోంచి వస్తుంది, చెయ్యి మెడ మీదికి పోవాలి. నువ్వు అలవాటుకొద్దీ నోటికే పెడతావు. తుమ్ముకూ అంతే. తిండి నోటితోనే, మెత్తగా తినాలి, కానీ మాకు వాసన తెలియదు. వాళ్ళు గోంగూర పచ్చడి మూత తీస్తే నీ మొహం మారకూడదు. నవ్వు వస్తే చప్పుడు ఉండదు. ఏడుపుకూ ఉండదు. నిద్రలో పలవరించేదానివి, తలుపు గడియ వేసుకో.

కృష్ణవేణి రాసింది. మంచి పిల్ల. “నిజమేనా పిన్నిగారూ, నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు” అంది. నేను చిటికెలో నిజం రాయగలను. కాగితం తీసి రాయబోయాను కూడా. రాస్తే ఏమవుతుంది? నీకు అవమానం. రెండు వారాలు చెప్పుకుని, పోనీలే ముసలావిడ అని వదిలేస్తారు. నీకది చాలదు. అందుకని, “నిజమేనమ్మా. మొత్తం తీసేశారు. ఇక బతికి ఉన్నన్నాళ్ళూ ఒక్క అక్షరం కూడా పలకలేదు” అని రాశాను. ఆడపడుచు మాట కదా, నమ్మింది. వదిన ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది, ఒక్క పూట కూడా వదిలిపెట్టొద్దమ్మా అని బతిమాలాను.

నిన్న మళ్ళీ జవాబు వచ్చింది. శనాదివారాలు ఆక్లండ్ నుంచి ఒక్కో కుటుంబం వంతులేసుకుని కారులో వస్తారట. మిగతా రోజులు హామిల్టన్ యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు తాళంచెవి తీసుకుని పొద్దున్నుంచీ నీ దగ్గర కూర్చుంటారట. వంశీకృష్ణ సంతోషంగా ఒప్పుకున్నాడట, అధ్యక్షుడు కదా, కాదనలేడు. నీకు మనుషులు లేరన్నావు. ఇక లోటు ఉండదు.

నీ గొంతు పోయిందని ఆ బెంగాలీ ఆవిడకు కూడా చెప్పించు. ఊరు చిన్నది. వర్షితతో కూడా మాట్లాడకు. పన్నెండేళ్ళ పిల్ల, స్కూల్లో చెబుతుంది. నీలో నువ్వు పాడుకునే అలవాటు మానెయ్యి. ఫోను మోగితే ఎత్తకు.

నీ మీద జాలి పడదామని చూశాను వదినా. రాలేదు. కేసెట్టు చెరిపేశానని ఒక వాక్యంలో రాసి, అదే ఉత్తరంలో కింద మచ్చ ఎటువైపు అన్నావు. ఆ రెంటి మధ్యా రెండే పేరాలు, అంతే.

నాకు పలక ఉంది. నీకు తెలుగు రాయడం వచ్చు కాబట్టి నువ్వూ ఒకటి కొనుక్కో. ఎవరైనా వచ్చినప్పుడు దాని మీద పేరు రాసి చూపించు, నీదే. నోరు మాత్రం తెరవకు, చచ్చేదాకా.

కోటేశ్వరమ్మ